మా లేడీ డాక్టర్ చదువు

హుజూరాబాద్,
14 జులై 1991

ఆఫ్రికాలో ఉన్న మా అర్ధమొగుడికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. నా సగం మొగుడు కంపాలాలో ఉంది కాబట్టే నేనిక్కడ ఈ మాత్రమైనా ఊపిరి పీలుస్తున్నాను. అందరం బాగున్నాం. మీ అన్న ఎరువుల దుకాణం ఇంకా బాగుంది. వానలు మాత్రం రావాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

నీ ఉత్తరాన్ని మీ అన్న అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించాడు. మీ ఆయన లెక్కల మాస్టరు ఉద్యోగం అక్కడ ఇంకొన్నేళ్ళు పొడిగించారని విని సంతోషించాం. ఆ తర్వాత వచ్చింది అసలు వాక్యం. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళ గురించి చదివే శాఖ ఒకటి కొత్తగా తెరిచారనీ, నువ్వు అందులో చేరావనీ. మీ అన్న అక్కడ ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. రెండోసారి కూడా అదే ఉంది.

"పుట్టినప్పటి సంది ఆడదే కదా ఇది. ఇంకా ఏం తెల్వలేదట?" అన్నాడు.

నాకూ అదే అనుమానం ఇందిరా. నన్నడిగితే మొత్తం సిలబస్ ఒక్క కార్డు మీద రాసి పంపేదాన్ని కదా. లేవాలి, ఊడవాలి, వండాలి, పెట్టాలి, మాట పడాలి, పడుకోవాలి. దీనికి రెండేళ్ళ కోర్సూ పరీక్షలూ ఎందుకు?

మర్నాడు దుకాణంలో హనుమంతు పటేలు "చెల్లె ఏం చేస్తుందే ఆడ?" అని అడిగాడట. మీ అన్న ఏమాత్రం తడుముకోకుండా "లేడీ డాక్టర్ చదువుతుంది" అని చెప్పి ఇంటికొచ్చాడు. అదేం అబద్ధమని నేను నిలదీశాను.

"మరేం జెప్పుమంటవ్? ఆడోళ్ళ మీద చదువుతుందంటే దుకాణంల నవ్వరా? డాక్టరంటే జర ఇజ్జత్ ఉంటది. ఎట్లయినా గదీ ఆడోళ్ళ ముచ్చటే, గిదీ ఆడోళ్ళ ముచ్చటే."

ఊళ్ళో ఆ మాట పాకడానికి రెండు పూటలు పట్టలేదు. వెనక వీధి రామవ్వ నడుము పట్టుకుని వచ్చింది, నిన్నడిగి మందు తెప్పించమని. ఏం రాయమంటావో నువ్వే చెప్పు డాక్టరమ్మా.

స్వరూప బి.ఏ. రెండో ఏడు పాసయింది. అటక మీది నీ పుస్తకాలన్నీ దించి దులుపుకుంది. నీ మేనకోడలికి మీ అన్న బుద్ధి రాలేదు, అదే నా అదృష్టం.

పైలం.
నీ వదిన
జానకీబాయి


కంపాలా,
22 ఆగస్టు 1991

వదినా,

నీ సిలబస్ అందింది. మా ప్రొఫెసర్ నలుబేగా గారికి చెబితే, "మనం చేర్చుకోవాల్సింది ఈమెను కదా, నిన్నెందుకు చేర్చుకున్నాం?" అన్నారు. నా పరువు అక్కడ మా అన్న తీస్తే ఇక్కడ నువ్వు తీశావు.

శాఖ అంటే పెద్ద మేడ అనుకునేవు. పాత భవనంలో ఒకటే గది. కుర్చీలు చరిత్ర శాఖ వాళ్ళు వద్దని పారేసినవి. వానొస్తే బకెట్ ఎక్కడ పెట్టాలో మాకు తెలుసు. మగ ప్రొఫెసర్లు మా గదికి 'వంటిల్లు' అని పేరు పెట్టుకున్నారు. వ్యవసాయం గురించి చెప్పే పెద్దాయన ఒకాయన రోజూ తలుపు దగ్గర ఆగి, "ఇవాళ ఏం వండుతున్నారు?" అని అడిగి నవ్వుకుంటూ పోతాడు. ఆఫ్రికా పల్లెల సేద్యం మీద ఆయన లావుపాటి పుస్తకం రాశాడు. అందులో రైతులందరూ మగవాళ్ళే. నేనిక్కడ బస్సు కిటికీలోంచి చూసిన పొలాల్లో పార పట్టుకుని వంగిన వాళ్ళంతా ఆడవాళ్ళు. ఆ పెద్దాయన ఏ ఊళ్ళకు పోయాడో దేవుడికే తెలియాలి.

నలుబేగా గారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. "తెల్లవాళ్ళు వచ్చి మా అమ్మలను దూరం నుంచి చూసి, మా అమ్మలను ఒక్క మాట అడక్కుండానే వాళ్ళ గురించి పుస్తకాలు రాసుకుపోయారు. ఈ గదిలో ఎవరి గురించైనా మాట్లాడే ముందు వాళ్ళనే అడగాలి." నైజీరియాలో, సెనెగల్‌లో కూడా ఇలాంటి మాటలు మాట్లాడేవాళ్ళు పోగవుతున్నారట. నాకు ఒళ్ళు పులకరించింది వదినా. ఇంత మామూలు మాట నాకు వరంగల్‌లో ఎం.ఏ. చదివినప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదో.

నేను డాక్టర్ని కానని ముందు ఊళ్ళో చెప్పించు. రామవ్వకు నా దగ్గర మందు లేదు. కానీ ఆమెను అడుగు: నీళ్ళు ఎవరు మోస్తారు, ఇంట్లో మగవాళ్ళెందరు, వాళ్ళ నడుములు ఎలా ఉన్నాయి?

నీ గురించి కూడా రాయి. నీ రోజు ఎలా గడుస్తుందో, నీకేమనిపిస్తుందో రాయి. మా గదికి కావాలి.

స్వరూపకు ముద్దులు.
ఇందిర


హుజూరాబాద్,
10 నవంబర్ 1991

డాక్టరమ్మకు,

నీ ప్రశ్నలు రామవ్వను అడిగాను. బతుకమ్మ అయిపోయిన మర్నాడు తీరిగ్గా కూర్చుని జవాబు చెప్పింది. "ఇంట్ల మొగోళ్ళు నలుగురు. నడుములు మంచిగనే ఉన్నయ్. వంగితే కదా నొచ్చెడిది?" అన్నది. తర్వాత చాలాసేపు తన ముచ్చట్లన్నీ చెప్పుకుని, నడుము అలాగే పట్టుకుని సంతోషంగా పోయింది. పోతూ పోతూ వీధంతా చాటింపు వేసింది: "సూది లేదు, గోలి లేదు, గింతసేపు నా ముచ్చట అడిగిన డాక్టర్ను నేనెన్నడు సూడలే."

దాంతో సక్కుబాయి వచ్చింది, గంగుబాయి వచ్చింది. మధ్యాహ్నమైతే చాలు మన అరుగు దవాఖానా అయిపోతోంది. నువ్వు డాక్టర్‌వి కాదని ఒట్టు పెట్టి చెప్పాను. "పెద్ద డాక్టర్లు గట్లనే అంటరు" అని గంగుబాయి నా నోరు మూయించింది.

ఇక నా గురించి రాయమన్నావు. రాస్తున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి కొంగు దగ్గర పెట్టుకో.

నేను మహారాణిని. నన్ను నిద్ర లేపే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు, ఎందుకంటే అందరికన్నా ముందు లేచేది నేనే. మీ అన్నకు నేనంటే ఎంత గౌరవమంటే, పెళ్ళయిన నాటి నుంచి ఒక్కనాడూ నన్ను పేరుతో పిలవలేదు. 'ఏమే', 'ఇగో', 'యాడ సచ్చినవ్', ఇవి నా బిరుదులు. కూర బాగుంటే మౌనంగా తింటాడు. ఉప్పు ఎక్కువైతే మాత్రం మనసు విప్పి మాట్లాడతాడు. నాకు వేడి అన్నం పడదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అందరూ తిన్నాక తినేదానికి వేడి అన్నం ఎక్కడిది? పోయిన నెల జ్వరమొస్తే మీ అన్న నా మంచం పక్కన కూర్చుని ఎంత ప్రేమగా అడిగాడో: "ఎప్పటికి తక్కువైతది? మరి వంట ఎవలు చేస్తరు?"

ఇంత సుఖం పట్టలేకే లావయ్యాను. మీ గదికి పనికొస్తే వాడుకో.

నీ మహారాణి వదిన
జానకీబాయి


కంపాలా,
2 మార్చి 1992

వదినా,

నీ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి క్లాసులో చదివాను. జాంబియా నుంచి వచ్చిన ఒకమ్మాయి ఏడ్చేసింది. నలుబేగా గారు బోర్డు మీద 'జానకీబాయి, హుజూరాబాద్' అని రాసి, కింద ఒక గీత గీశారు. వేడి అన్నం గురించి గంటసేపు చర్చ జరిగింది. ఇక్కడ కూడా ఆడవాళ్ళు చివరే తింటారట, అయితే వీళ్ళది అరటికాయ ముద్ద.

నవ్విన నాపచేనే పండుతుందంటారే, మా శాఖ సంగతి ఇప్పుడదే. విదేశీ సంస్థలు ఇప్పుడు ఆడవాళ్ళ మాట లేని పరిశోధనకు చిల్లిగవ్వ కూడా ఇచ్చేది లేదంటున్నాయట. మాకు రెండో గది ఇచ్చారు. బకెట్ అవసరం లేని గది. సర్కారు ఆఫీసర్లను మా దగ్గరికి పాఠాలకు పంపుతున్నారు. 'ఇవాళ ఏం వండుతున్నారు' పెద్దాయన మొన్న టై కట్టుకుని వచ్చి, తన పుస్తకంలో ఆడవాళ్ళను ఎక్కడ చేర్చమంటారని అడిగాడు. ముందుమాటలో భార్యకు కృతజ్ఞతలు చెప్పాడట, అది లెక్కలోకి వస్తుందా అని కూడా అడిగాడు.

అది సరే. నువ్వు ఇంత బాధ దిగమింగుకుని బతుకుతున్నావని నాకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు. అదే ఇంట్లో పుట్టి పెరిగాను, నీ చేతి అన్నం వేడివేడిగా తిన్నాను. సిగ్గుగా ఉంది. ఇంకా రాయి, ఏదీ దాచకు.

ఇందిర


హుజూరాబాద్,
3 మే 1992

ఇందిరా,

చదవేస్తే ఉన్న మతి పోయిందని నీ గురించే అన్నారేమో. నిన్ను నవ్వించడానికి నేను రాస్తే, నువ్వు పోయి ఊరందరినీ ఏడిపించావా? వదినా మరదళ్ళ వేళాకోళం అది. అబద్ధమని కాదు. అన్నీ నిజాలే. కానీ దాన్ని పట్టుకుని గంటసేపు చర్చిస్తారా ఎవరైనా? ఇకమీదట నవ్వాల్సిన చోట పక్కన గుర్తు పెట్టి పంపుతాను.

ఇప్పుడు అసలు కబురు. మన స్వరూపకు సంబంధం వచ్చింది. జగిత్యాల రామేశ్వర్‌రావు, కొత్తగా ఆసుపత్రి కడుతున్నాడు. కొడుకు నరహరి డాక్టరీ చదివాడు. వాళ్ళు మెచ్చింది పిల్లను కాదు, పిల్ల మేనత్తను. ఆఫ్రికా నుంచి దిగగానే నిన్ను వాళ్ళ ఆసుపత్రిలో కూర్చోబెడతారట. గోడ మీద నీ పేరు రాయించే చోటు కూడా చూసి పెట్టుకున్నారు. నిజం ఎప్పుడు చెప్తావని మీ అన్నను అడిగితే, "ముందు తాళి పడనియ్యి, తర్వాత చూస్కుందం" అన్నాడు. ఇదొక్కటే నాకు నచ్చలేదు.

పిల్లను వేములవాడ రాజన్న గుడిలో చూశారు. గుడికి కోడెను కట్టే మొక్కు పేరు పెట్టుకుని రెండు కుటుంబాలూ 'అనుకోకుండా' ఒకేరోజు వచ్చాం. కుదరకపోతే దర్శనం చేసుకున్నట్టు, కుదిరితే రాజన్నే కలిపినట్టు. ఆ రోజు దర్శనం క్యూ ఎంతకీ కదల్లేదు. పిల్లా పిల్లగాడూ ముందువెనకగా నిలబడ్డారు. దేవుడికి కూడా అంత సేపు ఎవరూ మొక్కరు.

శ్రావణంలో ముహూర్తం అనుకుంటున్నారు. నీ మేనకోడలిని శుభ్రంగా పసుపు రాసి గంగలో తోస్తున్నాం తల్లీ. పిల్ల అన్నం ముట్టదు, అద్దం వదలదు. పిలిస్తే పలకదు. ఇష్టమేనా అని అడిగితే నేల చూస్తుంది. మీ అన్న ఎవరు చెప్పినా ఆగేలా లేడు. ఈ ఘోరాన్ని ఆపే దిక్కు నువ్వే. ఆడబిడ్డ పీట ఖాళీగా ఉంది, విమానమెక్కి వచ్చి కూర్చో.

నీ వదిన


కంపాలా,
8 జూన్ 1992

వదినా,

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. వేళాకోళమని పైపైన అన్నా, చెప్పాల్సింది చెప్పావు. నోరు విప్పలేని ఆడవాళ్ళు నవ్వు చాటున అసలు మాట చెబుతారని మేం చదువుకున్నాం. గంగలో తోస్తున్నామన్నావు. పిల్ల అన్నం ముట్టడం లేదన్నావు. ఆపే దిక్కు నువ్వే అన్నావు. ఇంతకన్నా ఏం చెప్తావు పాపం?

అన్నకు రాసి లాభం లేదు, అరుగు మీద కూర్చుని తనకు కావలసిన ముక్కలే చదువుతాడు. అందుకని తిన్నగా జగిత్యాల రామేశ్వర్‌రావు గారికే రాశాను. నేను డాక్టర్ని కాను, ఎన్నటికీ వాళ్ళ ఆసుపత్రిలో కూర్చోను, పిల్లకు ఈ పెళ్ళి ఇష్టం లేదు, మేనత్తగా నేనూ ఒప్పుకోను అని నాలుగే ముక్కలు. ఇదే టపాలో వేశాను.

ధైర్యంగా ఉండు. స్వరూపకు చెప్పు, అత్తమ్మ ఉందని.

ఇందిర


హుజూరాబాద్,
19 జులై 1992

ఇందిరాదేవి గారికి,

మీరు రాసిన ఉత్తరం జగిత్యాలకు క్షేమంగా చేరింది. రామేశ్వర్‌రావు గారు దాన్ని చేతిలో పట్టుకుని వచ్చి, మన అరుగు మీదే నిలబడి చదివారు. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు.

"డాక్టర్ ముచ్చట మీ అబద్ధం, గది మీరు చూస్కోండ్రి. గాని పిల్లకే ఇష్టం లేదని మేనత్త రాసె. ఇష్టం లేని పిల్లను మా ఇంటికెట్ల తెచ్చుకుంటం?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు వెతికితే నాకు దొరకలేదు.

స్వరూప తలుపు దగ్గరికి వచ్చి, "నాకిష్టం లేదని ఎవలు చెప్పిండ్రు?" అని అడిగింది. మగవాళ్ళిద్దరూ అప్పటికే కేకలేసుకుంటున్నారు. దాని మాట ఎవరి చెవినా పడలేదు.

పిల్లకు అతను నచ్చాడు. మీ ఆఫ్రికాలో నచ్చినవాడి కోసం ఆడపిల్లలు అద్దం ముందు నిలబడరా? వేములవాడ క్యూలోనే అడిగిందట, పెళ్ళయ్యాక ఎం.ఏ. చదువుకోనిస్తావా అని. చదువుకో అన్నాడట. ఆ మాట నాకు ఇప్పుడు చెప్పింది, అంతా అయ్యాక. నేను మాత్రం ఏం తక్కువ? ఇష్టమేనా అని ఒకసారి అడిగాను, నేల చూసింది, సిగ్గులే అనుకుని వంటింట్లోకి పోయాను.

బి.ఏ. అయింది కదా, ఇక చదువు చాలన్నాడు మీ అన్న. వేరే సంబంధం చూస్తున్నాడు, ఈసారి ఏ చదువూ లేని ఇంట్లో. పిల్ల నాతో మాట్లాడడం లేదు. నా కూతురి బతుకు ఇలా తెల్లారుతుందేమోనని నాకు భయంగా ఉంది. ఈ ఉత్తరంలో ఎక్కడా నవ్వనవసరం లేదు, గుర్తులు పెట్టలేదు.

ఇక మీరు నాకు రాయవద్దు.

జానకీబాయి


కంపాలా,
25 ఆగస్టు 1992

చిరంజీవి స్వరూపకు,

మీ అమ్మ తనకు రాయవద్దన్నది. నీకు రాయవద్దని అనలేదు.

నలుబేగా గారికి జరిగింది చెప్పాను. ఆమె ఒకటే ప్రశ్న వేశారు: "నీ మేనకోడలు ఏమన్నది?" నిన్ను అడగనే లేదని అప్పుడు తట్టింది. ఇక్కడ వానలో బురదలో తిరిగి ఎంతోమంది ఆడవాళ్ళను అడిగి వచ్చాను తల్లీ, నీకు ఒక్క కార్డు రాయలేకపోయాను. తప్పు చేశాను. నువ్వు తిడితే పడతాను.

నీకిప్పుడు ఏం కావాలో రాయి. నరహరికి నేను క్షమాపణ రాయమంటే రాస్తాను. వచ్చి వాళ్ళ గుమ్మం ముందు నిలబడమంటే వస్తాను. మీ బాపుతో పోట్లాడమంటే అది నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఇంకొక్క మాట, కోప్పడకు. ఇప్పుడు మా శాఖ వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. చదువుకున్నవాళ్ళం కూడా ఎలా పొరబడతామో చెప్పడానికి ఈ సంగతి చాలా పనికొస్తుందని అందరూ అంటున్నారు. నిన్ను అడిగి తీరాలన్నది నలుబేగా గారి షరతు. పేరు మార్చి రాస్తాను. సరేనా?

మీ అత్తమ్మ
ఇందిర


వరంగల్,
17 నవంబర్ 1992

అత్తమ్మా,

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు, ఎవరితోనూ లేచిపోలేదు. ఎం.ఏ.లో చేరాను. హాస్టల్లో ఉన్నాను.

ఇది అవ్వ పుణ్యం, అదే నీ మహారాణి వదిన పుణ్యం. బాపు నాకు మూడో సంబంధం తెచ్చిన రోజు అవ్వ వంట చేయలేదు. దుకాణానికి పోయి, యూరియా బస్తా మీద కూర్చుంది. బాపు పరేషాన్ అయిపోయి, "ఇంటికి నడువ్, మంది చూస్తున్నరు" అన్నాడు. "చూడనియ్యి. పిల్లను వరంగల్ తోలుతవా, లేకపోతే నీ చెల్లె ఏం డాక్టరో గీ మందికి చెప్పాల్నా?" అన్నది అవ్వ. జగిత్యాలలో పరువు పోయినా హుజూరాబాద్‌లో ఇంకా మిగిలే ఉందని బాపు ఆశ. ఆ సాయంత్రమే నన్ను ఫీజు కట్టడానికి బస్సెక్కించాడు.

అవ్వ అరుగు దవాఖానా ఇంకా నడుస్తోంది. నువ్వు డాక్టర్‌వి కావని రామవ్వకూ సక్కుబాయికీ అందరికీ ఎప్పుడో తెలుసట. బాపుకు మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆయన మనసు నొచ్చుకుంటుందని.

నరహరికి నేనే రాశాను. నాకు ఇష్టం లేదన్నది అబద్ధమని, నాకు నువ్వు నచ్చావని తిన్నగా రాశాను. ఆ ముక్క రాయడానికి నాకెంత సిగ్గయిందో నీకు తెలియదు. రెండు వాక్యాల జవాబు వచ్చింది. "మా బాపు ఎట్లంటే అట్ల" అని రాశాడు. రెండో వాక్యం, ఆరోగ్యం జాగ్రత్త అని. డాక్టరు కదా.

ఇది చదవగానే నువ్వేమంటావో నాకు తెలుసు. చూశావా, నేను ఆపబట్టే నువ్వు బతికిపోయావు అంటావు. అనకు. అతని సంగతి నేనే తెలుసుకునేదాన్ని, నా తిప్పలేవో నేనే పడేదాన్ని. అతను నాకు నచ్చాడు అత్తమ్మా, చాలా నచ్చాడు. ఇంకా ఏడుపొస్తుంది. నీ మీద కోపం కూడా ఇంకా పోలేదు. పోయినప్పుడు చెప్తాను.

నాకేం కావాలని అడిగావు. అవ్వకు ఉత్తరం రాయి. వద్దన్నది కానీ, పోస్టుమాన్ వస్తే ఇప్పటికీ ముందు తనే లేస్తుంది. మళ్ళీ మహారాణీ అని పిలువు, వేళాకోళం చెయ్యి, తిట్టించుకో. నీతో పోట్లాడకుండా తనకు పొద్దు పోవడం లేదు.

పుస్తకం సంగతి. రాయవద్దు. పేరు మార్చినా వద్దు, ఊరు మార్చినా వద్దు. మీ ప్రొఫెసర్ గారు ఎందుకని అడిగితే, స్వరూప వద్దన్నదని చెప్పు. అంతకు మించి కారణం నేను చెప్పను.

హాస్టల్లో పెరుగు నీళ్ళలా ఉంటుంది. మిగతాదంతా బాగుంది.

స్వరూప